చెక్‌పోస్టు యోహాను సార్

మా యోహాను సార్‌కు ఒక్కటే జబ్బు. జరుగుతున్న పనిని ఆపడం. జరగని పని జోలికి ఆయన పోడు. ఒక పని చక్కగా, సాఫీగా, ఎవరికీ ఇబ్బంది లేకుండా సాగిపోతోందని తెలిస్తే మాత్రం ఎక్కడున్నా లేచి వచ్చి, అరచెయ్యి అడ్డం పెట్టి, "జర ఆగుండ్రి" అంటాడు. కోదాడ దాటాక సరిహద్దులో లారీలు ఆపే చెక్‌పోస్టుకైనా మధ్యాహ్నం పూట కాస్త కునుకు పడుతుందేమో గానీ, సూర్యాపేటలో మా డిగ్రీ కాలేజీ బోటనీ డిపార్టుమెంటుకు పడదు. అందుకే పిల్లలు ఆయనకు చెక్‌పోస్టు సార్ అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆయన చెవిన పడితే, "పేరు మంచిగనే ఉన్నది. పెట్టేముందు ఇంకెవరికన్న ఉన్నదేమో సూసిన్రా?" అని అడిగాడట.

నా పేరు ఉపేందర్. అదే కాలేజీలో తెలుగు చెబుతాను. స్టాఫ్ రూములో ఆయన కుర్చీ, నా కుర్చీ పక్కపక్కన ఉంటాయి. నాది ఎవరు ఏ కాగితం పెట్టినా చదవకుండా సంతకం గీకే చెయ్యి. ఆయనది కాగితం తిప్పి, వెనకవైపు ఏమీ లేకపోతే ఆ లేకపోవడాన్ని కూడా చదివే కన్ను. దేవుడు మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి తమాషా చూస్తున్నాడని నా అనుమానం.

ఆయన స్కూటర్ వెనక ఎక్కాలంటే మనిషికి తీరిక, ఓపిక రెండూ ఉండాలి. ముందు ఆయన బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేస్తాడు. టైర్లు నొక్కుతాడు, లైటు వేస్తాడు, ఆర్పుతాడు, ఆరిందో లేదో వంగి చూస్తాడు. తర్వాత నా వంతు.

"ఉపేందర్ సార్, ఎక్కిన్రా?"

"ఎక్కాను."

"కూసున్నరా?"

"ఎక్కినవాణ్ని కూర్చోక నిలబడతానా సార్?"

"కాళ్లు?"

"రెండూ ఉన్నాయి."

"ఉన్నయని ఎరుకే. ఏడ పెట్టిన్రు?"

ఈలోపు మా వెనక బయల్దేరిన ఆటోలు కొత్త బస్టాండు దాకా పోయి, జనాన్ని దించి, మళ్లీ మమ్మల్ని దాటుకుంటూ వెనక్కి వస్తాయి. ఒకసారి విసిగిపోయి, "నడిచిపోయినా ఈపాటికి ఇల్లు చేరేవాళ్లం సార్" అన్నాను. ఆయన తాపీగా, "చేరుడు ఎవరన్న చేరుతరు. ఎట్ల చేరినమన్నదే ముచ్చట" అన్నాడు. ఆ మాట అంటూ మళ్లీ దిగి వెనక టైరు నొక్కాడు.

ఆయన భార్య అన్నమ్మ గారిది కోదాడ. అందుకని ఆమె మాటలో ఆంధ్ర యాస కొంచెం పలుకుతుంది. నేను వాళ్లింటికి ఎప్పుడు వెళ్లినా ఆమె నాకు ఏదో ఒక ఫిర్యాదు ఒప్పజెబుతుంది. "చూడండి ఉపేందర్ గారూ, కుక్కరు కూతలేసి చల్లారిపోయింది. ఈయన మూత తియ్యనివ్వరండీ! ఆవిరి పోయిందో లేదో చూడాలంట. అన్నం చద్దన్నమైపోయింది."

"పెళ్లికి ముందు తెలియలేదా వదినా?"

"తెలిసిందండీ. పెళ్లిచూపులకొచ్చినప్పుడు అందరూ అమ్మాయి నచ్చిందా, అమ్మాయి నచ్చిందా అని ఈయన్ని అడుగుతుంటే, 'జర ఆగుండ్రి, ఆమెకు నేను నచ్చిన్నా అని ఎవరన్న అడిగిన్రా?' అన్నారు. అప్పుడు ముచ్చటేసింది. ఆ ఒక్క ముచ్చటకీ ఇన్నేళ్ల నుంచీ చద్దన్నం తింటున్నాను."

వాళ్ల మేనల్లుడు చరణ్ పెళ్లి కోదాడలో చర్చిలో జరిగింది. చర్చి పెళ్లిలో ఒక ఘట్టం ఉంటుంది. ఈ వివాహానికి అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పాలి అని పాస్టరు గారు అడుగుతారు. ఎవరూ చెప్పరు. చెప్పరని ఆయనకూ తెలుసు కాబట్టి, అడిగిన ఊపిరితోనే తర్వాతి మాటలోకి వెళ్లిపోతారు. ఆ రోజు వెళ్లలేకపోయారు. మూడో వరుసలో యోహాను సార్ చెయ్యెత్తాడు.

పెళ్లికూతురి తల్లి గుండె పట్టుకుంది. చరణ్ మొహం చూస్తే, వీడు ఏ పాపం చేశాడో మామకు తెలిసిపోయింది అనిపించేలా ఉంది. అన్నమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకుని, "ప్రభువా, ఈయన్ని కూర్చోబెట్టు" అని గొణిగింది.

"అభ్యంతరం కాదయ్యగారూ, చిన్న ముచ్చట" అన్నాడు యోహాను సార్. "ఉంగరాలు తెచ్చిన్రా?"

చరణ్ కోటు జేబు తడుముకున్నాడు. ప్యాంటు జేబు తడుముకున్నాడు. తోడుపెళ్లికొడుకు జేబులు కూడా తడిమాడు. ఉంగరాలు సూర్యాపేటలో, ఇంట్లో, టీవీ పక్కన డబ్బాలో ఉన్నాయి. అవి కారులో హైవే పట్టుకుని వచ్చేదాకా పాస్టరు గారు కీర్తనలు పాడించారు. పాడి పాడి గొంతులు ఎండిపోయాయి. బిర్యానీ చల్లారింది. ఇప్పుడు ఆ పాస్టరు గారు ఏ పెళ్లిలోనైనా అభ్యంతరాల కంటే ముందు ఉంగరాలు అడుగుతారని వినికిడి.

ఇంత జబ్బు ఈయనకు ఎక్కడ అంటుకుందంటే, ఈస్టు దగ్గర. ఈస్టు అంటే రొట్టెల పిండిని పొంగించేది, కల్లును పులియబెట్టేది. ఏకకణ జీవి. వయసులో ఉన్నప్పుడు హైదరాబాదులో ఈయన దానిమీద పరిశోధన చేశాడు. అందరూ పరిశోధన చేసి డిగ్రీ తెచ్చుకుంటారు. ఈయన డిగ్రీతో పాటు దాని గుణం కూడా తెచ్చుకున్నాడు.

ఆ ప్రేమ ఇప్పటికీ పోలేదు. ఆత్మకూర్ (ఎస్) దగ్గర తాటిచెట్లు ఎక్కే మల్సూర్ దగ్గరికి పోయి, సీసాలో కల్లు పట్టించుకుని స్కూటర్ మీద తెస్తుంటాడు. ఈయన జన్మలో కల్లు ముట్టలేదు. ముట్టని మనిషి సీసా పట్టుకుని తిరగడం చూసి, చర్చి పెద్దలు ఇంటికొచ్చి ప్రార్థన కూడా చేసి వెళ్లారు. మల్సూర్‌కు అంతకంటే పెద్ద అనుమానం.

"తాగనోనికి కల్లెందుకు సారూ?"

"అందుల ఉన్నోళ్లను సూడనీకె."

"కల్లుల ఎవరుంటరు సారూ?"

"లచ్చల మంది ఉంటరు మల్సూరూ. కనబడరు గని, అందరు సక్కగ పని చేసుకుంటుంటరు."

ఆనాటి నుంచి మల్సూర్ చెట్టు మీంచి కల్లు లొట్టి దించే ముందు లోపలికి తొంగి చూసి, గొంతు సవరించుకుని మరీ దించుతున్నాడట.

ఒకరోజు నేనే ఉండబట్టలేక అడిగాను. "సార్, ఆ ఈస్టులో అంత ఏముంది?" అడిగాక తప్పు చేశానని తెలిసింది గానీ, ఆయన అప్పటికే కుర్చీ నా వైపు తిప్పేశాడు.

"కణం రెండయ్యే ముందు లోపలున్న క్రోమోజోములన్నిటికి నకలు తీస్తది సార్. నకలు పూర్తయ్యిందా? ఏడన్న తెగిందా? సూసుకోనీకె లోపలనే చెక్‌పాయింట్లు ఉంటయి. తెగినట్టు కనబడితే అవి అడ్డం పడి కణాన్ని ఆపుతయి. బాగుచేసుకున్నంకనే పోనిస్తయి."

"ఆపకపోతే?"

"సూర్యాపేట బస్సు, మిర్యాలగూడ బస్సు గుద్దుకోని రెండూ నడిమికి తెగినయనుకోండ్రి. మెకానిక్కు తొందరల ఉన్నడు. సూర్యాపేట బస్సు ముందు ముక్కకు మిర్యాలగూడ బస్సు ఎనక ముక్క అతికిచ్చిండు. ఇంజను నడుస్తది. చక్రాలు తిరుగుతయి. గని డ్రైవరు ఒక ఊరికి, కండక్టరు ఇంకో ఊరికి. తెగిన క్రోమోజోముతోని ఆగకుండ ఉరికితే గిదే అయితది. ఒకదాని ముక్క పోయి ఇంకోదానికి అతుక్కుంటది. మనుషులల్ల అయితే క్యాన్సరుకు గూడ అది తొవ్వ తీయొచ్చు."

"మరి ఈ చెక్‌పాయింట్లు లేని ఈస్టు ఉంటుందా సార్?"

"ఉంటది. ఏ దెబ్బా తగలనంతసేపు మంచిదానికి, దానికి ఫరకు గూడ తెల్వది. రోడ్డు బాగున్నంతసేపు బ్రేకుల్లేని బస్సు గూడ బాగనే పోతది."

మిగతాది ఎంత అర్థమైందో గానీ, బస్సు మాత్రం బాగా అర్థమైంది. ఆ తర్వాత కొన్నాళ్లు మిర్యాలగూడ బస్సు ఎక్కేటప్పుడు వెనక భాగం కూడా మిర్యాలగూడదేనా అని చూసుకున్నాను.

ఇంతవరకూ నవ్వుకోవడానికి బాగానే ఉంది. ఫైనలియర్ ప్రవళిక దగ్గరికి వచ్చేసరికి ఆ జబ్బు మీద నాకు ఒళ్లు మండింది.

ప్రవళికది మోతె. తల్లి సోమమ్మ కూలికి పోతుంది. కాలేజీ మొత్తంలో యోహాను సార్‌కు ఎదురు ప్రశ్న వేసే పిల్ల ఆమె ఒక్కతే. ఆయన బోర్డు మీద బొమ్మ వేస్తే, "సరిసూసిన్రా సార్?" అని అడిగేది. ఆయన మురిసిపోయి మళ్లీ మొదటి నుంచి వేసేవాడు. మిగతా క్లాసంతా ఆమెను శపించేది.

చుట్టుపక్కల కాలేజీల పిల్లలందరికీ మిర్యాలగూడలో సైన్సు ప్రాజెక్టుల పోటీ పెట్టారు. ప్రవళిక ఈస్టు ప్రాజెక్టు చేసింది. హైదరాబాదులో తన పాత గురువుగారి ల్యాబు నుంచి యోహాను సార్ చెక్‌పాయింటు లేని ఈస్టును తెప్పించాడు. నీళ్ల ప్లాంట్లలో వాడే యూవీ ట్యూబును ఒక పెట్టెలో బిగించారు. మంచి ఈస్టుకూ, చెక్‌పాయింటు లేని ఈస్టుకూ ఆ కాంతి సమానంగా తగిలిస్తారు. కాంతి దెబ్బకు లోపల డీఎన్‌ఏ చెడుతుంది. తర్వాత రెంటినీ తిండి ఉన్న ప్లేట్ల మీద పోస్తారు. మంచిది ఆగి, బాగుచేసుకుని బతుకుతుంది. రెండోది ఆగకుండా చీలుతూ పోయి చస్తుంది. అదీ లెక్క.

తీరా చూస్తే రెండు ప్లేట్లూ ఒకే తీరుగా పొంగినట్టు నిండిపోయాయి. చెక్‌పాయింటు లేనిది కూడా దర్జాగా బతికేసింది. మళ్లీ చేయడానికి టైము లేదు. "ఏం చేద్దాం సార్?" అని ప్రవళిక ఏడుపు మొహంతో అడిగితే, ఆయన, "ఏముంటది? వచ్చింది వచ్చినట్టు సూపెడదాం. అబద్ధం ఆడేకన్న ఓడుడే నయం" అన్నాడు.

మిర్యాలగూడలో రైసుమిల్లుల మధ్య ఒక కాలేజీ హాలులో పోటీ. పిల్లలకు తోడుగా యోహాను సార్‌తో పాటు నేనూ వెళ్లాను. ప్రవళిక ఏదీ దాచకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఎక్కడి నుంచో వచ్చిన పెద్ద జడ్జీ గారు రెండు ప్లేట్లూ పైకెత్తి హాలంతటికీ చూపించాడు. "ఏమ్మా, రెండూ ఒక్కలాగే బతికాయే! మరి చెక్‌పాయింట్లు దేనికి? మీ సార్‌కు చెప్పు, ఆపేవాళ్లు లేకపోయినా లోకం నడుస్తుందని."

హాలు గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది మా కాలేజీ పిల్లలే. వాళ్లకు చెక్‌పోస్టు సార్ తెలుసు కదా మరి. ప్రవళిక ప్లేట్లు సంచిలో పెట్టుకుని, దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. యోహాను సార్ మాత్రం, "ఏడనో ఏదో అయ్యింది" అని సూర్యాపేట వచ్చేదాకా తనలో తనే గొణుక్కున్నాడు.

ఆ తర్వాత వారం ప్రవళిక టీసీ కావాలని వచ్చింది. మా కాలేజీలో టీసీ కావాలంటే నో డ్యూస్ కాగితం మీద అన్ని విభాగాల సంతకాలు కావాలి. మీ దగ్గర మా వస్తువేదీ లేదు, ఇక పోవచ్చు అని ఒక్కొక్కరూ రాసివ్వాలన్నమాట. లైబ్రరీ కూడా నేనే చూస్తాను కాబట్టి ఆ సంతకం నాది.

"ఫైనలియర్‌లో టీసీ ఏంటమ్మా?"

"కోదాడల చీరల షాపుల మా పెద్దమ్మ బిడ్డ స్వప్నక్క చేస్తున్నది సార్. నన్ను గూడ ఒకటో తారీకు నుంచి రమ్మన్నరు."

"మరి చదువు?"

"సదువు నాకు అచ్చిరాదు సార్."

కూలి చేసే ఇంటి పిల్ల, దొరికిన ఉద్యోగం పోగొట్టుకోవద్దు అనుకుని, నా అలవాటు ప్రకారం సంతకం గీకేశాను. అందరూ గీకారు. కాగితం బోటనీ ల్యాబు దగ్గర ఆగింది.

"వాచ్ గ్లాసు ఒకటి తక్కువున్నది" అన్నాడు యోహాను సార్. ప్రవళిక ల్యాబంతా వెతికి ఆ చిన్న గాజు పళ్లాన్ని పట్టుకొచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది దొరికింది గని, టెస్టు ట్యూబు ఒకటి కనబడుతలేదు" అన్నాడు. మర్నాడు వస్తే ఆయన క్లాసులో ఉన్నాడు. ఆ మర్నాడు వస్తే బీరువా తాళంచెవి ఇంట్లో మర్చిపోయాడు. ఆ మనిషి తాళంచెవి మర్చిపోవడమంటే నాగార్జునసాగర్ నీళ్లు వెనక్కి పారడమే.

ప్రిన్సిపాల్ జగదీష్ గారు పిలిపించి అరిచారు. "యోహాను గారూ, ఒక ట్యూబు కోసం ఆ అమ్మాయి ఉద్యోగం ఆగాలా?"

"ఆగాలె సార్."

"ఎందుకాగాలి?"

"ట్యూబు దొరకలే గద సార్."

నాకు తిక్క రేగింది. స్టాఫ్ రూములో అందరిముందే, "మిర్యాలగూడలో మీ పరువు పోయిందని ఆ పిల్ల మీద కక్ష తీర్చుకుంటున్నారా సార్?" అని అడిగేశాను. ఆయన నొచ్చుకోలేదు, కోప్పడలేదు. "జర ఆగుండ్రి ఉపేందర్ సార్" అన్నాడంతే. నేను నా కుర్చీని అటువైపు తిప్పేసుకున్నాను. అటు తిప్పితే ఫ్యాను గాలి తగలదు. అయినా ఆత్మాభిమానం కోసం చెమటలు కక్కుతూ కూర్చున్నాను.

ఆఫీసులో పనిచేసే మంజుల దగ్గర ఈ గోడు వెళ్లబోసుకుంటే ఆమె పకపకా నవ్వింది.

"మీరు తెలుగు సారు గద, ల్యాబు సంగతి మీకెట్ల ఎరుక? పాసై పోయేటోళ్లకు ఆ ల్యాబుల ఏం పోదు సార్. అడగంగనే సంతకం పెడ్తడు. మధ్యల ఇడిసిపెట్టి పోతమనేటోళ్లకే ట్యూబు పోతది."

"అంటే?"

"నేను గీడనే సదివిన. సెకండియర్‌ల మా నాయినతోని లొల్లి పెట్టుకోని టీసీకి వచ్చిన. అప్పుడు పట్టుకారు లెక్క ఉంటది గద, ఆ ఫోర్సెప్సు పోయిందన్నడు. ఎతికి ఎతికి నా కోపం సల్లారింది. కోపం సల్లారినంక టీసీ ఎందుకడిగిన్నో నాకే సమజ్ కాలే."

"ఫోర్సెప్సు దొరికిందా?"

"ఆయన జేబులనే ఉండె సార్! డిగ్రీ అయిపోయినంక చెప్పిండు."

నేను అక్కడ ఇంకో మాట మాట్లాడకుండా ల్యాబు వైపు నడిచాను. నేను తలుపు దగ్గరికి చేరేసరికి ప్రవళిక లోపల నిలబడి ఉంది. ఆమె మహా పట్టుదల గల పిల్ల. కోదాడ పోయి, అచ్చం అలాంటి కొత్త టెస్టు ట్యూబే కొనుక్కొచ్చింది.

"ఇగో సార్, మీ ట్యూబు. ఇగ సంతకం పెట్టుండ్రి. ఎల్లుండి చేరాలె."

యోహాను సార్ ట్యూబు అందుకున్నాడు. వెలుతురుకు పెట్టి చూశాడు. పగులు లేదు. అంచు మీద వేలు తిప్పాడు. గీరుకోలేదు. లోపలికి ఊదాడు. దుమ్ము లేదు. సరిచూడటానికి ఆ ట్యూబులో ఇంక ఏమీ మిగల్లేదు. సర్వీసులో ఒక్క గాజు వస్తువు కూడా పగలగొట్టని మనిషి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు గాజును ఎత్తుకునే మనిషి, నిదానంగా వేళ్లు వదిలేశాడు.

ట్యూబు నేలమీద పడి ముక్కలైంది.

"అరెరె" అన్నాడు, అరెరె అనే బాధ ఏ కోశానా లేని గొంతుతో.

"సార్! మీరు కావాల్నని ఇడిసిపెట్టిన్రు!"

"అవు."

"ఎందుకు సార్?"

"ఇంకో సాకు దొరకలే బిడ్డా."

ప్రవళిక కోపంగా ఏదో అనబోయి, అనలేక, స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది. ఆయన ఎదురుగా ఇంకో స్టూలు లాక్కున్నాడు. కూర్చునే ముందు అది ఊగుతుందేమో చూశాడనుకోండి, అది వేరే సంగతి.

"నిన్న మోతె పోయిన" అన్నాడు. "మీ అమ్మను అడిగిన. 'మేం పొమ్మనలే సారూ, మిర్యాలగూడ పోయొచ్చిన కాడి నుంచి పిల్ల బువ్వ సరిగ తింటలేదు' అన్నది. ఇల్లు గడవక షాపుకు పోతున్న అంటే చెప్పు, నేనే స్కూటరు మీద కోదాడల దింపొస్త. సిగ్గయ్యి పోతున్నవంటే మాత్రం ఆపుత. తెగింది తెగినట్టే పట్టుకోని ఉరికితే, అది ఏడ వోయి అతుక్కుంటదో ఎవనికెరుక?"

"అందరు నవ్విన్రు సార్. మిమ్ముల గూడ నవ్విన్రు. నా వల్లనే."

"నన్ను సూసి దినాం నవ్వుతరు. అండ్ల కొత్తేమున్నది?"

ఏడుస్తున్న పిల్లకు నవ్వొచ్చింది.

"సరే గని, ఆ దినం ఏం జేసినవో మొదటికెల్లి చెప్పు" అన్నాడాయన.

"రెంటికి ఒక్క తీరుగనే యూవీ పెట్టిన సార్. మంచిదాన్ని ఎంబడే ప్లేటు మీద పోసిన. రెండోదాన్ని పోసేటాళ్లకు మా ఊరి బస్సు టైమైంది. తొందరల పోస్తే ఖరాబైతదని, ట్యూబుల డిస్టిల్డ్ వాటర్ పోసి అట్లనే బీరువాల పెట్టి పోయిన. తెల్లారి వచ్చి ప్లేటు మీద పోసిన."

"నీళ్లల్ల ఏమన్న కలిపినవా? తిండి గిట్ల?"

"ఒట్టి నీళ్లే సార్."

"తిండి లేకుంటే కణం చీలుతదా?"

"చీలది సార్. ఆగుతది..." ప్రవళిక కళ్లు తుడుచుకునే చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. "సార్! దానంతట అది ఆగలేదు. బ్రేకు లేదు దానికి. మనం ఆపినం! బయటి నుంచి మనం ఆపితే, దానికి టైము దొరికింది. బాగుచేసుకున్నది!"

యోహాను సార్ ఆనందం పట్టలేక ఎగిరి గంతెయ్యబోయి, ముందు నేల చూసుకున్నాడు. గాజు ముక్కలున్నాయి. చీపురు తెచ్చి, ఊడ్చి, తడిగుడ్డతో తుడిచి, అప్పుడు గంతేశాడు.

"నీ లెక్క తప్పలే బిడ్డా! ఆ జడ్జి సారు గూడ జర ఆగి అడిగితే అయిపోతుండె. పా, మళ్లొకసారి జేద్దాం. ఈసారి మూడు ప్లేట్లు."

మూడు ప్లేట్లు చేశారు. మంచి ఈస్టు బతికింది. చెక్‌పాయింటు లేకుండా వెంటనే తిండి మీద పోసింది చాలామటుకు చచ్చింది. చెక్‌పాయింటు లేకపోయినా ముందు నీళ్లలో ఆపి ఉంచింది మాత్రం చాలామటుకు బతికింది. ఆ మూడో ప్లేటును నేను చాలాసేపు చూశాను. సైన్సు నాకు రాదు గానీ, తమంతట తాము ఆగలేని వాళ్లను ఎవరో ఒకరు బయట నుంచి కాసేపు పట్టుకుని ఆపితే బతుకుతారన్న సంగతి ఏ భాషలోనైనా అర్థమవుతుంది. ఈ మనిషిని నేను కక్షగాడన్నాను. స్టాఫ్ రూముకు వచ్చి నా కుర్చీని మళ్లీ ఆయన వైపు తిప్పుకున్నాను. ఆయన మీద ప్రేమతోనే తిప్పుకున్నాను, ఫ్యాను గాలి కూడా అటే వస్తుందనుకోండి.

ఫోటోలు మిర్యాలగూడ జడ్జీ గారికి పంపించారు. "ఆసక్తిగా ఉంది. మళ్లీ ఒకసారి చేసి చూడండి" అని జవాబు వచ్చింది. యోహాను సార్‌కు అంత నచ్చిన జవాబు ఆయన జీవితంలో ఎవరూ ఇచ్చి ఉండరు. వారమంతా అందరికీ చదివి వినిపించాడు. కోదాడ షాపులో ఆ ఉద్యోగానికి ఇంకెవరో చేరారు. ప్రవళిక ఆ సంగతి పట్టించుకున్నట్టే లేదు, నాలుగో ప్లేటు, ఐదో ప్లేటు అంటూ ల్యాబులోనే ఉండేది.

ఫైనలియర్ పాసైంది. హైదరాబాదులో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. మొన్న మళ్లీ నో డ్యూస్ కాగితం పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. కాగితం బల్ల మీద పెట్టిందో లేదో, యోహాను సార్ కళ్లద్దాలైనా పెట్టుకోకుండా చటుక్కున సంతకం చేసేశాడు. నేను నా కళ్లను నమ్మలేదు.

"సార్, నా పేరే రాయలే ఇంక" అంది ప్రవళిక. "ఖాళీ కాయితమది."

"నింపుకో."

"సూడకుండనే పెట్టిన్రా సార్?"

"కాయితాన్ని సూసుడేంది బిడ్డా? నిన్ను సూసిన గద. పో, జల్దీ పో. బస్సు పోతది."

ప్రవళిక ఆ ఖాళీ కాగితాన్ని బంగారంలా మడిచి పుస్తకంలో పెట్టుకుని, నవ్వుకుంటూ వెళ్లింది. ఆయన కిటికీ దగ్గరికి పోయి, ఆ పిల్ల గేటు దాటేదాకా చూస్తూ నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. మనిషి మెత్తబడ్డ ఈ గడియ మళ్లీ దొరకదని, నేను జేబులోంచి నా సెలవు చీటీ తీసి మెల్లగా ఆయన ముందు పెట్టాను. నేను రాని రోజు నా క్లాసులు తాను చూసుకుంటానని ఆయన ఒక్క సంతకం పెడితే చాలు.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. జేబులోంచి కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు.

"జర ఆగుండ్రి ఉపేందర్ సార్" అన్నాడు. "రేపు రానీకున్న కడుపునొప్పి మీకు ఇయ్యాలనే ఎట్ల ఎరుకయ్యింది?"